చిన్నాయిన తుడవనన్న సైలెన్సర్

మా చిన్నాయిన పోయాడని చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కరీంనగర్‌లో రవాణా ఆఫీసు ముందు, ఒక బండి కాగితాల కోసం వరుసలో నిలబడి ఉన్నాను. పొద్దున చాయ్ తాగి ఛాతీలో మంటగా ఉందన్నాడట. ఆటో వచ్చేసరికే అయిపోయిందట. చిన్నమ్మ ఏడవకుండా ఇదంతా చెప్పి, కొంచెం ఆగి, "నువ్వస్తవా కొడుకా?" అని అడిగింది.

వరుసలోంచి బయటికి వచ్చేశాను. చిన్నాయినకు ఇద్దరూ ఆడపిల్లలే. తలకొరివి పెట్టాల్సింది అన్న కొడుకునైన నేనే. అలాంటివాణ్ని పట్టుకుని వస్తావా అని అడగాల్సి వచ్చిందంటే, ఆ పరిస్థితి తెచ్చింది కూడా నేనే. మూడేళ్లుగా ఆ ఇంటి గడప తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో బయట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

కరీంనగర్ నుంచి పెద్దపల్లి వైపు పోతుంటే, సుల్తానాబాద్ దాటగానే ఎడమ పక్కన ఒక రైస్ మిల్లు గోడ వస్తుంది. ఆ గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డే చిన్నాయినది. బోర్డు లేదు. అంతకుముందు ఆయన చాలా ఏళ్లు బొగ్గు బావుల దగ్గర అద్దె జీపు నడిపాడు. నడుము నొప్పి మొదలయ్యాక స్టీరింగు వదిలేసి, కార్లు కడిగే పని పెట్టుకున్నాడు. కడిగేవాళ్లు ఆ రోడ్డు మీద ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. చిన్నాయిన దగ్గరికి మాత్రం మంచిర్యాల నుంచి కూడా బండ్లు వచ్చేవి. సైలెన్సర్ గొట్టాన్ని ఆయన తుడిచినట్టు ఎవరూ తుడవలేరని పేరు.

ఆయన పని చేయడం చూస్తే కొందరికి విసుగొచ్చేది. బండి వచ్చి ఆగగానే నీళ్లు కొట్టేవాడు కాదు. గొట్టం చల్లారాలి. అంతవరకు బండి ఆసామికి ఒక ప్లాస్టిక్ స్టూలు వేసి, తనూ ఒకటి వేసుకుని కూర్చునేవాడు. చల్లారాక చూపుడు వేలు గొట్టంలో పెట్టి ఒక చుట్టు తిప్పేవాడు. బయటికి తీసి, బొటనవేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. అప్పుడు చెప్పేవాడు ఆ బండి సంగతి. పొడి మసి అయితే ఫికర్ లేదు. జిడ్డుగా అంటుకుంటే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు. బండి ఎక్కడ తిరుగుతుందో కూడా చెప్పేవాడు. పత్తి అమ్మకాల రోజుల్లో ఆదిలాబాద్ నుంచి వచ్చే కార్లకు గొట్టం అంచున మసితో పాటు దూది అంటుకుని ఉండేది. గోదావరిఖని బండ్లకు వెనక బంపరు కింద బొగ్గు దుమ్ము పొరలుగా పేరుకునేది. ఆసాములు ఆశ్చర్యపోతే చిన్నాయినకు లోలోపల సంతోషం. పైకి మాత్రం, "ముందట అందరు సూస్తరు. ఎనుక సూసేటోడు గూడ ఒకడు ఉండాలె గద," అనేవాడు.

తరువాత గొట్టంలోకి నీళ్లు పోకుండా పాత బట్ట కుక్కేవాడు. ఆ బట్ట కొసకు ఎర్ర దారం కట్టి, దారం రెండో కొసను బండి తలుపు పిడికి ముడేసేవాడు. జీపు నడిపే రోజుల్లో ఒకసారి బట్ట తీయడం మరిచిపోయాడట. జీపు ఎంతకీ స్టార్ట్ కాక, అందులో పోవాల్సిన గని అధికారి ఎండలో రెండు మైళ్లు నడిచాడట. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆ అధికారి నడకను కూర్చున్నచోటే భుజాలు ఊపి చూపించేవాడు. సబ్బు నీళ్లు, కిరోసిన్, పాత పళ్ల బ్రష్షు, చివరికి రుద్దడానికి సన్నటి ఎమరీ కాగితం. అన్నీ అయ్యాక పాత ధోవతిని పట్టీలుగా చింపి, గొట్టం చుట్టూ వేసి, రెండు కొసలూ పట్టుకుని మజ్జిగ చిలికినట్టు లాగేవాడు. ఆ లాగుడు చూస్తూ గంట కూర్చున్న రోజులు నాకున్నాయి.

మా బాపు పోయాక నాకు స్టీరింగు పట్టడం నేర్పింది చిన్నాయినే. క్లచ్చు మీద కాలు వణుకుతుంటే ఒక్క మాట అనేవాడు కాదు, కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చునేవాడు. నేను కరీంనగర్‌లో సెకండ్ హ్యాండ్ కార్ల దుకాణం పెట్టినప్పుడు మొదటి బండి చూసి ఎంపిక చేసింది ఆయనే. ఆ తరువాత దుకాణానికి వచ్చే ప్రతి కారు ముందు సుల్తానాబాద్ పోయి ఆయన వేలు దాటి వచ్చేది. ఆయన బాగుందన్న బండ్లే నేను అమ్మేవాణ్ని. నా దుకాణానికి పేరు వచ్చింది అలాగే. కొన్నాళ్లకు అది నా తెలివే అనుకున్నాను.

అప్పుడు ఒక బూడిదరంగు డీజిల్ కారు నా చేతికొచ్చింది. చూపులకు బాగుంది. లోపల ఇంజన్ అరిగిపోయి ఉందని నాకు తెలుసు. పొగ కనబడకుండా చిక్కటి ఆయిల్ పోయించాను. అదే వారం మస్కట్‌లో పన్నెండేళ్లు పనిచేసి తిరిగొచ్చిన ఒకతను దుకాణానికి వచ్చాడు. సుల్తానాబాద్ అవతల పల్లె అతనిది. ఇక గల్ఫ్‌కు పోనని, టాక్సీ నడుపుకుని ఇంటి దగ్గరే ఉంటానని చెప్పాడు. ఆ కారు అద్దంలో తల దువ్వుకున్నాడు. బండి అతనికి నచ్చిందని నాకు అర్థమైంది.

మరునాడు మధ్యాహ్నం కారును చిన్నాయిన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన వేలు పెట్టాడు. తీసి చూసుకున్నాడు. మసి వేలికి తారులా అంటుకుని ఉంది. ఆ వేలును నాకు చూపించాడు, నేను వేరే దిక్కు చూశాను.

"పైనంత కడుగుత. గొట్టం లోపట మాత్రం నేను తుడువ," అన్నాడు.

నీకు చెప్పిన పని తుడవడమే కదా అన్నాను. కొనేవాడికి కళ్లున్నాయి, చూసుకుంటాడు అని కూడా అన్నాను.

"గందుకే ఉండనియ్యమంటున్న. ఆయన గూడ ఏలు వెట్టి సూసుకోనీ. నేను తుడిస్తే ఆయనకు సూసుకునేతందుకు ఏముంటది?"

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. కారును కడగనివ్వకుండానే తిప్పుకుని వచ్చేశాను. బైపాస్ పక్కన ఆపి, గరుకు కాగితంతో, సబ్బుతో నేనే కూర్చుని తుడిచాను. చెయ్యి అలవాటు లేక గొట్టం అంచంతా గీతలు పడ్డాయి. మరునాడు అతనికి తాళంచెవి ఇచ్చాను. ఇద్దరం ఫొటో కూడా దిగాం.

రెండు నెలలు తిరగకముందే, మంచిర్యాల పోతుండగా గోదావరి వంతెన దాటాక కారు ఆగిపోయింది. బండిలో ఉన్న ముసలావిడను కరీంనగర్ దవాఖానలో చూపించి ఇంటికి తీసుకుపోతున్నాడు. ఆమెను ఇంకో బండి ఎక్కించి, ఇతను రోజంతా రోడ్డు మీదే ఉన్నాడు. ఇంజన్ ఇక పనికిరాదన్నారు. దుకాణానికి వచ్చి నా మీద కేకలు వేశాడు. ఉన్నది ఉన్నట్టు కొన్నానని అతను సంతకం పెట్టిన కాగితం చూపించి, పంపించేశాను.

ఆ తరువాత నాలుగైదు రోజులకు చిన్నాయిన బస్సు దిగి దుకాణానికి వచ్చాడు. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు. నాకు అప్పటిదాకా తెలియని సంగతి ఒకటి చెప్పాడు. ఆ మస్కట్ అతను కారు కొన్న వారానికే, పూజ చేయించే ముందు మెరిపిద్దామని, చిన్నాయిన షెడ్డుకే తీసుకొచ్చాడట. గొట్టం మీది గీతలు చూడగానే చిన్నాయినకు అంతా తెలిసిపోయింది. చెబుదామని నోటిదాకా వచ్చిందట.

"ఆయన పిల్లలు బండిల కూసోని హారన్ కొడుతున్నరు. నీ పేరు బద్నాం అయితదని నేను నోరు తెరువలే. నువ్వు ఒక్కపారి దాచినవు, నేను రెండోపారి దాచిన. మనిద్దరం పోయి ఆయనకు చెప్పుదాం, నడువు."

వ్యాపారంలో ఇవన్నీ ఉంటాయన్నాను. ఆయన కదల్లేదు. దుకాణంలో ఇద్దరు గిరాకీలున్నారు. వాళ్లు వింటున్నారన్న కోపంలో నేనన్న మాట ఇది. "గొట్టాలు తుడుచుకునేటోనివి, నీకేం తెలుసు చిన్నాయినా?"

మీకు ఆయన ముఖం ఎలా మారిందో రాయాలని ఉంది. కానీ నేను ఆయన ముఖం చూడలేదు, బల్ల మీది కాగితాలు సర్దుతున్నాను. కుండలోని నీళ్లు ముంచుకుని తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వెళ్లిపోయాడు.

క్షమించమని అడగడానికి నాకు ముప్పావు గంట బస్సు ప్రయాణం కంటే ఎక్కువ దూరం లేదు. పోలేదు. మొదట్లో కోపం వల్ల, తరువాత సిగ్గు వల్ల. మంచిర్యాలలో పని పడితే ఆ షెడ్డు ముందు నుంచి పోవాల్సి వస్తుందని చొప్పదండి, ధర్మారం మీదుగా చుట్టూ తిరిగి పోయేవాణ్ని. పోయినేడు దుకాణం మూసేశాను, కాగితాల పనులు చేసుకుంటున్నాను. ఆ సంగతి చెప్పడానికైనా పోవచ్చు. అదీ చేయలేదు. పండక్కి పోదాం, వానలు తగ్గాక పోదాం అనుకుంటూ ఉండగానే చిన్నమ్మ ఫోన్ వచ్చింది.

పోయాను. చేయాల్సినవన్నీ చేశాను. కుండ భుజాన పెట్టుకుని తిరుగుతున్నప్పుడు వెనక నుంచి ఎవరో నా మోచెయ్యి పట్టుకుని నడిపించారు. ముఖం చూడలేదు, మసి పట్టిన వేళ్లు మాత్రం కనబడ్డాయి. పదో దినం నాడు కాలువ దగ్గర గుండు చేయించుకుని, స్నానం చేసి మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆ మనిషే వచ్చి నాకు పొడి తువ్వాల అందించాడు. మస్కట్ అతను.

నా పక్కన కూర్చున్నాడు. అతని వేళ్ల సందుల్లో మసి ఉంది. రెండున్నరేళ్లుగా చిన్నాయిన షెడ్డులోనే పని చేస్తున్నానని చెప్పాడు. మళ్లీ గల్ఫ్ పోదామని పాస్‌పోర్టు తీసుకుని తిరుగుతుంటే, చిన్నాయిన ఇంటికొచ్చి, నా దగ్గరికి రా, ఇద్దరం చేసుకుందాం అన్నాడట. ఆ రోడ్డున నేను ఒక్కసారి పోయి ఉంటే ఈ సంగతి తెలిసేది.

"నీతోని ఒక మాట చెప్పాలె అన్నా," అన్నాడు అతను. "ఆ దినం నీ దుకాణంకొచ్చి నిన్ను ఇష్టమున్నట్టు తిట్టిన. మనసుల పెట్టుకోకు. నీకు తెల్వదట గద. తర్వాత మీ చిన్నాయిననే చెప్పిండు."

ఏం చెప్పాడని అడిగాను.

"గొట్టం తుడిచింది తనేనట. లోపట జిడ్డు ఉన్నదని నీకు చెప్పకుంట దాచిండట. మా పిలగానికి తెల్వక అమ్మిండు, తప్పు నాది అన్నడు." వేళ్ల మసిని మెట్టు రాయికి రుద్దాడు. "నేను ఊకోలే. షెడ్డు ముంగట పది మందిల కాలర్ పట్టిన. గంత పెద్దమనిషిని. పనికి పోయినంక గూడ ఏడాది దాక మంచిగ మాట్లాడలే. కోపం వస్తె, దొంగముసలోడా అని పిలిచేది. ఒక్కనాడు ఎదురు చెప్పలే. అన్నం డబ్బా ఇప్పి సగం నాకు పెట్టేటోడు."

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం నాకు బాగా అలవాటైన పని. చిన్నాయిన నా కోసం కట్టిన ఆ అబద్ధం కింద బతికినన్నాళ్లూ చల్లగా ఉండొచ్చు. మెట్ల మీద మా చుట్టాలు పిండాల విస్తర్లు సర్దుతున్నారు. చిన్నమ్మ ఎవరితోనో మాట్లాడుతూ మా వైపే చూస్తోంది.

"గొట్టం తుడిచింది నేను," అన్నాను. "చిన్నాయిన తుడవనన్నడు. నీకు చెప్పుదాం రమ్మని దుకాణం దాక వచ్చి పిలిచిండు. నేనే రాలే."

అతను నా వైపు తిరిగాడు. కొట్టినా బాగుండేది. చాలా మెల్లగా, "మరి నేను కాలర్ పట్టింది ఎవరిదన్నా?" అన్నాడు.

అతను తల వంచుకుని ఏడ్చాడు. నేను నా చెయ్యి అతని భుజం మీద వేయబోయి, వేయలేక, వెనక్కి తీసుకున్నాను.

అక్కడే చిన్నమ్మకు కూడా చెప్పాను. ఆమె విని, "నాకెర్కే కొడుకా. నువ్వొచ్చి చెప్పుతవని ఆయన ఎదురు సూసిండు," అంది.

భోజనాలకు అందరూ ఇంటికి బయలుదేరారు. మస్కట్ అతను ట్రాలీ ఆటో స్టార్ట్ చేశాడు. ఆడవాళ్లు, గిన్నెలు, సామాను అన్నీ ఎక్కాక వెనక ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది. అతను పిలవలేదు, పొమ్మనలేదు. బండి కాసేపు అలాగే ఉంచాడు. నేను నడిచి వస్తానని చేయి ఊపాను. ఆటో కాలువ గట్టు వెంట మెల్లగా కదిలింది. అది వదిలిన పలుచటి పొగ, అప్పుడే నాట్లు వేసిన మడి మీద కాసేపు నిలబడింది. గాలి లేదు. పొగ విడిపోయి కిందికి దిగి, లేత నారు మధ్యలో నీళ్లను ఆనుకుని కనబడకుండా పోయేదాకా నేను ఆ గట్టు మీదే ఉన్నాను.