పెద్దమ్మ అరచేయి

కొల్లూరు కాలనీలో మా పక్కింట్లో ఉండిన పెద్దమ్మను తలుచుకుంటే, నాకు ముందుగా ఆమె అరచేయి గుర్తొస్తుంది.

ఒక పొద్దున ఆటో తగిలి మా బ్లాకులో తిరిగే పిల్లి తొడ చీలింది. పెద్దమ్మ తువ్వాల మడిచి గాయం మీద అదిమి పట్టింది. రక్తం ఆగిందేమో చూద్దామని నేను గుడ్డ ఎత్తబోయాను.

"ఎత్తకు బిడ్డా. గట్టిగ ఒత్తి పట్టాలె," అంది.

పశువుల దవాఖానా చేరేదాకా ఆ చేయి కదల్లేదు.

"ఇగ తియ్యమ్మా, నేను చూస్కుంట," అంది డాక్టరమ్మ.

పెద్దమ్మ తీయలేదు. "కంపెనీల మా ఆయన చెయ్యి మిషన్ల పడ్డప్పుడు గిట్లనే పట్టిన. దవాఖాన్ల తియ్యమన్నరు, తీసిన. నన్ను బయటికి పంపిన్రు. మల్ల ఆయన్ని పాణంతోని సూడలే."

డాక్టరమ్మ ఆమె చేతి మీద తన చేయి వేసింది. "నువ్వు బయటికి పోకు. ఈడనే ఉండు."

అప్పుడు పెద్దమ్మ మెల్లగా వేళ్లు వదులు చేసింది. కుట్లు పడుతున్నంతసేపూ పిల్లి తల నిమురుతూ అక్కడే నిలబడింది.

పిల్లి బతికింది.