దానంతటదే బాబాయి

మా బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. లోకంలో ఏ పనీ మనిషి చెయ్యకూడదు, అది దానంతటదే జరగాలి. కూర్చోవడం, లేవడం, నిద్రపోవడం మాత్రం ఇప్పటికీ స్వయంగానే చేసుకుంటున్నాడు. వాటి మీద కూడా ఆలోచన సాగుతోందేమోనని మా పిన్నికి అనుమానం.

వాళ్లింట్లో బాత్రూం లైటు మనిషి లోపలికి అడుగు పెట్టగానే దానంతటదే వెలుగుతుంది. మనిషి కదలకపోతే దానంతటదే ఆరిపోతుంది. అందుచేత లోపల ఉన్నంతసేపూ చేతులు ఊపుతూ కూర్చోవాలి. ఈ సంగతి ముందుగా చెప్పకపోవడం వల్ల చీకట్లో కేకలు పెట్టిన చుట్టాలు ఉన్నారు. ఇక వంటింట్లో కుక్కరు కూతలు లెక్కపెట్టి స్టవ్ కట్టేసే పెట్టె ఒకటి. దానికి కుక్కరు కూతకీ, ఎదురుగా ఉన్న స్కూలు మైదానంలో ఆటల మాస్టారి విజిలుకీ తేడా తెలియదు. పిల్లలకు పోటీలు జరిగినన్నాళ్లూ ఆ ఇంట్లో అందరూ పలుకు అన్నమే తిన్నారు.

"స్విచ్ తిప్పడానికి నాకు చేతుల్లేవా?" అనేది పిన్ని.

"ఉన్నాయి కాబట్టే వాటికి విశ్రాంతి," అనేవాడు బాబాయి.

ఇంట్లోనే ఇలా ఉంటే సొంత వర్క్‌షాపులో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అక్కడ పంపుల విడిభాగాలు చేస్తారు. తయారైనవాటి కొలతలు చూడడం నా పని. లోహాన్ని చెక్కే మిల్లింగ్ మిషన్ మీద పని మేస్త్రిగారిది. వర్క్‌షాపు తెరిచిన నాటి నుంచీ ఉన్నాడు. ఆయనకీ బాబాయికీ ఒక్క విషయంలో కూడా పడదు. ఇద్దరూ పోట్లాడుకోకుండా రోజు మొదలుకాదు.

ఆ మిషన్ బాబాయి పుట్టకముందుది. చేత్తో చక్రాలు తిప్పి నడిపే ఆ ముసలిదానికి బాబాయి మోటార్లు బిగించి, కంప్యూటరు తగిలించాడు. చెక్కాల్సిన ముక్కను బిగించే బల్ల దానంతటదే ఎటు కావాలంటే అటు కదిలేది. కోసే కట్టర్‌ని తిప్పే స్పిండిల్ వేగం ఒక్కటి మాత్రం పాత పద్ధతే. ఇనుముకి నెమ్మదిగా, అల్యూమినియానికి వేగంగా తిరగాలి. మార్చాలంటే మిషన్ ఆపి, తలకన్నా ఎత్తులో ఉన్న మూత తెరిచి, చెయ్యి పైకి చాచి, బెల్టును ఒక పుల్లీ మెట్టు మీద నుంచి ఇంకో మెట్టు మీదికి నెట్టాలి.

ఒకరోజు బాబాయి వచ్చి ప్రకటించాడు.

"మేస్త్రీ, ఇక నీ చేతుల్తో పనిలేదు. ప్రోగ్రాంలో అంకె రాస్తే చాలు, వేగం దానంతటదే మారుతుంది."

"నా చేతులకేం రోగం?" అన్నాడు మేస్త్రి, మొహం ఎర్రగా చేసుకుని.

"రోగం నీ చేతులకి కాదు, నాకు. ఊరంతా చెప్పుకుంటున్నారుగా."

మేస్త్రిని సాగనంపడానికే ఇదంతా అని వర్క్‌షాపులో గుసగుసలు బయల్దేరాయి. నాకూ అదే భయం పట్టుకుంది.

మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్ ఒకటి తెచ్చి బిగించాడు. కంప్యూటరు దానికి చిన్న వోల్టేజి పంపుతుంది, ఎంత వోల్టేజికి అంత వేగం. వినడానికి తేలికే. మొదటి పరీక్షకి అందర్నీ పిలిచి నిలబెట్టి, కనిష్ఠ వేగం రాసి మీట నొక్కాడు. లెక్క ఎక్కడ తప్పిందో, ముసలి మిషన్ ఒక్కసారిగా విమానంలా అరుస్తూ గరిష్ఠ వేగం అందుకుంది. చల్లదనానికి పోసే పాలలాంటి నూనెనీళ్లు చుట్టూ చిమ్మాయి. అందరం తడిసిపోయాం. మేస్త్రి ఎర్ర బటన్ మీద అరచేత్తో ఒక్కటిచ్చి ఆపాడు.

"తిరిగింది కదా!" అన్నాడు బాబాయి, కళ్లజోడు తుడుచుకుంటూ.

"తిరిగింది. మేం బతికి ఉండటం కూడా దానంతటదేనా?" అన్నాడు మేస్త్రి.

లెక్క సరిచేశాక వేగం ఊగిసలాట మొదలైంది. పక్కనే పోతున్న కరెంటు తీగల గోల సిగ్నల్లోకి చొరబడుతోందని, దానికి తొడుగున్న కేబులు వేశాడు. ఆ తర్వాత తక్కువ వేగంలో బలం చాలక కట్టర్ ఇనుములో ఇరుక్కుని ఆగిపోయింది. పెద్ద మోటారు కావాలి.

అప్పుడు జరిగింది అసలు విడ్డూరం. ఇనుప రజనును దానంతటదే ఎత్తి డబ్బాలో పోసే బెల్టు బాబాయి కన్నబిడ్డ లాంటిది. ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించేవాడు. దానికున్న పెద్ద మోటారును ఊడబీకి మిషన్‌కి బిగించాడు. మర్నాడు నేను వెళ్లేసరికి చీపురు పట్టుకుని నేల ఊడుస్తున్నాడు! పిన్నికి ఫోన్ చేస్తే, "ఒంట్లో బాగుందా ఆయనకి?" అంది.

ఈసారి మిషన్ కుదురుకుంది. అంకె రాస్తే ఆ వేగమే. నేను ఊరుకోలేక లెక్క వేసి చూశాను.

"బాబాయ్, దీనివల్ల రోజుకి టీ తాగేంత టైం కూడా కలిసి రావట్లేదు. దీనికోసం నీ రజను బెల్టు పీకేశావా?"

"టెక్నాలజీ అమ్మా..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "మేస్త్రి ఎడం చేత్తో తల దువ్వుకోవడం ఎప్పుడైనా చూశావా?"

"లేదు."

"నేను చూశాను. కుడిచెయ్యి భుజం దాటి లేవట్లేదు. పైనున్న ఆ బెల్టు మార్చేటప్పుడు పళ్లు బిగించేవాడు. అడిగితే ఒప్పుకోడు, జాలిపడితే పని మానేసి పోతాడు. నా పిచ్చి మీదకి నెట్టేస్తే ఎవడికీ బాధ లేదు." మళ్లీ చీపురు అందుకున్నాడు. "నువ్వు వాగకు."

నేను వాగను. కానీ మేస్త్రి దగ్గరికి వెళ్లకుండా ఉండలేకపోయాను.

"కొత్త ఏర్పాటు ఎలా ఉంది మేస్త్రిగారూ?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "భుజం హాయిగా ఉంది తల్లీ."

"అయితే మీకు..."

"తెలియకేం? ఆయన చీపురు పట్టిన రోజే అర్థమైంది."

"మరి రోజూ ఆ మిషన్‌ని తిట్టడం ఎందుకు?"

"మెచ్చుకుంటే నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోదూ? పాపం, మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?"

అని గొంతు సవరించుకుని, వర్క్‌షాపు కప్పు ఎగిరిపోయేలా అరిచాడు.

"ఓనరుగారూ! ఈ దిక్కుమాలిన మోటారు మూలుగుతోంది! ఓసారి వచ్చి వినండి!"

బాబాయి చీపురు వదిలేసి స్క్రూడ్రైవరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మొహం మతాబులా వెలిగిపోతోంది. ఇద్దరూ చెరోవైపు వంగి మోటారుకి చెవులు ఆనించారు. అది నిక్షేపంగా తిరుగుతోంది. మూలుగు ఏ వైపు నుంచి వస్తోందన్న విషయం మీద మధ్యాహ్నం దాకా పోట్లాడుకున్నారు.