వాకుడుకాయ పొగ

నేను తిరుపతిలో పళ్ళ డాక్టర్ని. ఒక ఆదివారం నా దవడపన్నే సలపడం మొదలుపెట్టింది. ఐరాల నుంచి వచ్చిన మా అత్త, చేనిగట్టున కోసుకొచ్చిన ముళ్ళ వాకుడుకాయల గింజలు నిప్పుల మీద వేసి, బోలు బొప్పాయి కాడను గొట్టంలా నా నోట్లో పెట్టింది.

"గట్టిగా పొగ పీల్సు మే, పురుగులన్నీ రాలిపోతాయి" అంది.

పళ్ళలో పురుగులుండవని రోజూ పేషెంట్లకు చెప్పే నేను, నొప్పికి తాళలేక పీల్చాను.

ఇల్లంతా పొగ కమ్మేసింది. నిప్పంటుకుందనుకుని పక్కింటి పెద్దాయన బకెట్ నీళ్ళతో పరిగెత్తుకొచ్చాడు.

"ఏం లేదన్నా, కోడలికి పన్ను నొస్తా ఉండాది" అని అత్త చెప్పేసింది. నోట్లో కాడతో నేనలాగే నిలబడ్డాను.

మర్నాడు గుట్టుగా రూట్ కెనాల్ చేయించుకున్నాను. ఆ వారంలోనే పెద్దాయన నా క్లినిక్ కుర్చీలో కూర్చుని, డ్రిల్లుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇదొద్దు తల్లీ. నువ్వు పెట్టించుకున్న పొగే నాకూ పెట్టు."

పళ్ళలో పురుగులుండవని రోజూ చెప్పే నేను, డ్రిల్లు పక్కన పెట్టాను.