పుట్టుమచ్చ పక్కన 'పాస్'

2023. నానక్‌రామ్‌గూడలోని ఒక స్కిన్ క్లినిక్‌లో నర్సుగా చేరి అప్పటికి ఆరేళ్లు. సిట్టింగ్‌కు ముందు 'బిఫోర్ ఫోటో' తీయడం నా పని. చికిత్స తర్వాత ఎంత మారిందో పోల్చి చూపిస్తాం. పాత ఫోటో చూసి మొహం ముడుచుకునేవాళ్లు బోలెడంతమంది. మాధవి మాత్రం "ఎవరక్కా ఈమె?" అని అడిగింది. వేళాకోళం అనుకున్నాను.

మాధవిది కడప. ఎదురు టవర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ప్రోగ్రామ్ రాసిపెట్టినట్టే నడుస్తోందా లేదా చూసి, ఒక్కోదానికి పాస్, ఫెయిల్ అని గుర్తు పెట్టే ఉద్యోగం. చేతిలో ఎప్పుడూ ఒకే నవల. అందం పిచ్చి పట్టిన ఒకామె మొహంలో ఒక్కొక్కటే దిద్దించుకునే కథ. దిద్దించుకున్నకొద్దీ ఆ ఇంట్లో అద్దాలు పెరుగుతాయట.

"గన్ని అద్దాలెందుకు?" అన్నాను.

"అవి ఆమె ఆకలి అక్కా. ఎంత చూసుకున్నా నిండదు."

ఇంత తెలిసిన పిల్లకు ఫికర్ లేదులే అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని!

మొదట గడ్డం, తర్వాత ముక్కు. మూడోసారి చెంప మీది పుట్టుమచ్చ తీసేయమంది.

"జర ఆగు చెల్లె. దిష్టిచుక్క లెక్క మంచిగుంది గదా, ఎందుకు తీసుడు?"

"తీసేయక్కా. అది ఉంటే ఫెయిల్."

నవ్వేసి లేజర్‌కు ట్రే సర్దాను. పని అయ్యాక అరగంట కూర్చుని వెళ్లింది. పుస్తకం కుర్చీలోనే మరిచిపోయింది.

తెరిచి చూశాను. గడ్డం వర్ణన పక్కన పెన్సిల్‌తో మా సిట్టింగ్ తేదీ, 'పాస్'. ముక్కు పక్కన కూడా. పుట్టుమచ్చ పక్కన ఆ రోజు తేదీ, అప్పుడే రాసిన 'పాస్'. ఆఖరి పేజీలో ఆ నవలలోని ఆమె అద్దంలోకి నడిచి వెళ్లిపోతుంది, మళ్లీ ఎవరికీ కనబడదు. దాని పక్కన వచ్చే శుక్రవారం తేదీ ఉంది. పాస్, ఫెయిల్ ఇంకా రాయలేదు.

డాక్టర్‌కు చూపిస్తుండగానే మాధవి తిరిగొచ్చింది. "పుస్తకం ఈడే మర్చిపోయినా అక్కా."

ఇవ్వలేదు. తన మొదటి ఫోటో ముందు పెట్టాను. "ఎవరు చెల్లె ఈమె?"

చాలాసేపు చూసింది. వేలు చెంప మీది ప్లాస్టర్ మీదికి పోయింది. "ఆ మచ్చ... నాదే కదక్కా" అని భోరుమంది. ఫోన్ చేసి పిలిపించిన వాళ్లక్క వచ్చేదాకా చెయ్యి వదల్లేదు నేను. మర్నాడే డాక్టర్ ఆమెను మానసిక వైద్యుడి దగ్గరికి పంపించారు.

కొన్ని నెలలకు మాధవి వచ్చింది, చెంప మీద కాటుక చుక్కతో. పుస్తకం అడిగి తీసుకుని, ఆ శుక్రవారం తేదీ పక్కన 'ఫెయిల్' అని రాసింది. ఆ మాట చూసి అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

పుట్టుమచ్చ తీయడానికి ట్రే సర్దిన చేతులు మాత్రం నావే. అందుకే ఇప్పుడు ఫోటో చూపించి ఎవరీమె అని ముందే అడుగుతాను. "నేనే" అనే జవాబు వచ్చేదాకా ట్రే సర్దను.