ఉదయగిరి దెబ్బలు, ఆత్మకూరు లెక్క

"ఎక్కడి దెబ్బ అక్కడి లెక్కలోనే పడేట్టు చేస్తాను" అని ఆత్మకూరు టాక్సీ స్టాండులో అందరి ముందూ మాట ఇచ్చి, నిలబెట్టుకోలేకపోయిన మనిషి మా లెక్కల సారు. మొన్న మంగళవారం ఆయన పోయారని ఒక డ్రైవరు ఫోను చేశాడు. కబురు చెప్పి ఊరుకోలేదు. "మన ప్రీమియం పెంచినాయన గదా పెద్దాయనా," అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. నేను కార్ల ఇన్సూరెన్సు ఏజెంటుని. ఏ ఊరి కార్లకు ఎంత ప్రీమియం వేయాలో తేల్చడానికి జిల్లాను ప్రాంతాలుగా విడగొట్టే పని మా కంపెనీ ఆయనకు అప్పగించింది. పాత క్లెయిములన్నీ కంప్యూటరులో వేసి, ఏ ఊరికి ప్రమాదం ఎంతో చెప్పే మోడల్ కట్టారు. చిన్న ఊళ్ళ మీద తొందరపడి తీర్పు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "సీతారామపురంలో ఉండేదే నాలుగు కార్లబ్బయ్యా. ఒకటి బోల్తా పడిందని ఊరు చెడ్డదైపోద్దా? పక్కూళ్ళని గూడా అడిగి తేల్చాల," అనేవారు. మనుషుల విషయంలోనూ ఆయన పద్ధతి అదే. నాది కాదు.

మోడల్లో ఆత్మకూరు అన్నిటికంటే ప్రమాదకరమైన ఊరని తేలింది. ఉదయగిరి కొండ రోడ్లు మాత్రం భద్రమట. సారు నవ్వారు. మర్నాడే గొడుగు తీసుకుని ఆత్మకూరు మెకానిక్ షెడ్డు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. నుజ్జయి వచ్చిన ప్రతి కారు డ్రైవరునీ అడిగేవారు.

"యాడ తగిలింది నాయనా?"

"ఉదయగిరి మలుపులో సార్."

"మరి ఫారంలో ఆత్మకూరని ఉండాదే?"

"షెడ్డు ఈడే గదా సార్."

ఆ ఫారాలు నింపింది నేనే. ప్రమాదం జరిగిన చోటు అన్న గడిలో షెడ్డున్న ఊరి పేరు రాసేవాణ్ణి. కొండదాకా వెళ్ళి చూసే పని ఎవరికీ ఉండదు, క్లెయిము త్వరగా కదులుతుంది. సారు నా చేతిరాత గుర్తుపట్టారు. "నీ అక్షరాలు ముత్యాలబ్బయ్యా. అందుకే కంప్యూటరు గూడా నమ్మినాది," అన్నారు. అంతే. నేను చాలా పుస్తకాలు చదివాను. ఇంత నెమ్మదిగా మనిషిని సిగ్గుపడేలా చేసిన వాక్యం వాటిలో దొరకలేదు.

రెండు నెలలు అక్కడే కూర్చుని, ఏ దెబ్బ ఎక్కడిదో నోటుబుక్కులో రాసుకుని, కొత్త మ్యాపు గీశారు. ఉదయగిరి వేరు, ఆత్మకూరు వేరు. నేనే ఆయన్ని మేనేజరు గదికి తీసుకెళ్ళాను.

"ఆత్మకూరులోనే గదా సార్ కార్లెక్కువ. ఆడ తగ్గిస్తే మనకేం మిగులుద్ది? పాతదే పోనీండి," అన్నాడు మేనేజరు.

"తప్పని తెలిసినాక ఎట్ట పోనిస్తామయ్యా?"

మేనేజరు టీ గ్లాసు అందుకున్నాడు. సారు పాత లెక్క మీద సంతకం పెట్టకుండా లేచి వచ్చేశారు. కంపెనీ పాత మ్యాపుతోనే ఆత్మకూరు ప్రీమియం పెంచింది. ఊరు మాత్రం సారే పెంచారనుకుంది. టీ కొట్టు దగ్గర ఎదురుగానే అన్నా, ఆయన సంజాయిషీ చెప్పుకోలేదు. చెబితే నా పేరు బయటికొస్తుంది. ఏజెన్సీ పోతుందని నేనూ నోరు విప్పలేదు.

ఫారాలు నింపిన చెయ్యి నాదే, కాదనను. కానీ ఆ తప్పు దిద్దే దారి సారు చూపించారు. దాన్ని మూసింది ఇంకొకరు. ఆ కొత్త మ్యాపు ఇప్పటికీ నా దగ్గరుంది. రెండు ఊళ్ళ మధ్య సారు పెన్సిలుతో గీసిన సన్నటి గీత, దాని మీద రెండు ఊళ్ళనూ కలిపి చుట్టేసిన గుండ్రటి టీ మరక. ఆ గ్లాసు అక్కడ పెట్టింది మా మేనేజరు.