నాయనమ్మకు నొప్పి లేదు

నా చిన్నప్పుడు మేం ఢిల్లీ మునిర్కాలో రెండు గదుల అద్దెకొంపలో ఉండేవాళ్ళం. మా అమ్మ నర్సు. నాన్నది భీమవరం దగ్గర పల్లెటూరు. తాతయ్య పోయాక నాయనమ్మ ఢిల్లీకి, మా దగ్గరికి వచ్చేసింది.

ఆవిడకు చక్కెర జబ్బు. పగలంతా కాళ్ళు తనవి కానట్టే ఉంటాయనేది. చెప్పు జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో సందు చివరిదాకా నడిచేది. పడుకుంటే మాత్రం అవే కాళ్ళు కారం రాసినట్టు మండేవట. "మొద్దుబారిన కాళ్ళకి మంటేమిటండీ, విడ్డూరం కాకపోతే!" అని చర్చికి వచ్చే మావాళ్ళే ఎగతాళి చేసేవాళ్ళు. పాపం, ఆవిడ ఏం చెప్పుకుంటుంది!

ఆదివారం తెలుగు ఆరాధన ఒక అద్దె హాల్లో జరిగేది. చలి ఎముకలు కొరుకుతున్నా, ఊళ్ళో లాగే అందరూ చెప్పులు గుమ్మం బయట విడిచి, నేలమీద పరిచిన దుప్పట్ల మీద కూర్చునేవాళ్ళు. క్రిస్మస్ వెళ్ళిన మరుసటి ఆదివారం అది. గోడల మీది అలంకరణలన్నీ పీకేశారు. నాయనమ్మ అందరికంటే గట్టిగా పాడుతూ తన చోటుకు నడిచింది. ఆవిడ వెళ్ళిన దారి పొడుగునా తెల్ల దుప్పటి మీద ఎర్రటి మచ్చలు పడ్డాయి.

"నాయనమ్మా, రక్తం!" అన్నాను.

"అయ్యో, ఎవరికే తల్లీ?" అంటూ కంగారుగా చుట్టూ చూసింది.

ఆ చూపు నన్నింకా వదల్లేదు. కాగితం నక్షత్రాలకు గుచ్చిన పిన్ను ఒకటి ఆవిడ బొటనవేలి కింద పూర్తిగా దిగిపోయి ఉంది.

పుండు మానలేదు. చివరికి వేలు తీసేశారు. ఇకమీదట వట్టి కాళ్ళతో నడిస్తే పాదమే పోతుందన్నాడు డాక్టరు. దాంతో నాయనమ్మ చర్చికి రావడం మానేసింది. "దేవుడి సన్నిధిలోకి చెప్పులతోనా? దేవుడు పిలిచినప్పుడు మోషే ప్రవక్త అంతటివాడే చెప్పులు విప్పాడు. చచ్చినా రాను" అని భీష్మించుకుంది. ఆదివారం వస్తే గోడవైపు తిరిగి పడుకునేది. పాట లేదు, మాట లేదు. పాదం దక్కింది గానీ మనిషి దక్కేలా లేదని చిన్నదాన్నైన నాకే భయం వేసేది.

మా అమ్మది గట్టి నోరు. బతిమాలింది, దెబ్బలాడింది. ఒక ఆదివారం "గుమ్మందాకా రండి, చాలు" అని ఒప్పించి ఆటోలో తీసుకెళ్ళింది. మమ్మల్నిద్దర్నీ బయట నిలబెట్టి, తను డ్యూటీ బూట్లు విప్పకుండా టకటకా లోపలికి నడిచింది. పాట ఆగిపోయింది. ఎవరో "ఇదేం పొగరు!" అన్నారు కూడా. అమ్మ హాలు మధ్యలో నిలబడి వెనక్కి తిరిగింది.

"అనాల్సినవన్నీ నన్ను అనేశారు అత్తయ్యా. ఇక మీరు రండి."

నాయనమ్మ నా భుజం పట్టుకుని, మెత్తటి బట్ట బూట్లతో లోపలికి వచ్చింది. కూర్చుని చాలాసేపు ఏడ్చింది. పాస్టరుగారు పాట మళ్ళీ ఎత్తుకున్నారు.

ఇప్పుడు ఢిల్లీలోనే, ద్వారకలో, నా పాదాలూ మొద్దుబారి ఆ దారే పట్టాయి. నా మనవరాలు రోజూ నా అరికాళ్ళు తిప్పి చూసి, "దర్ద్ తో నహీ హై నా, నానీ?" అంటుంది. నొప్పి లేదంటాను. అంటూనే నేనూ వంగి మరోసారి చూసుకుంటాను. జబ్బుపడ్డవాళ్ళని చూడబోయినప్పుడు, ఎవరైనా ఫలానా చోట నొప్పి అని చెప్పుకుంటే ధైర్యం చెప్పి లేచి వచ్చేస్తాను. 'నాకేమీ లేదు' అనేవాళ్ళ పక్కనుంచి మాత్రం లేవలేను.