రజియా తాత తెచ్చిన వెండి నాణెం

పన్నెండేళ్లుగా మోస్తున్న మాట ఇది. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

సిద్దిపేటలో నాది వెండి దుకాణం. పాత నాణేలు చూపించి ఏ కాలానివో అడగడానికి చేర్యాల, కోహెడల నుంచి కూడా నా దగ్గరికి వస్తారు. నిజాం నాణేలైతే వేలితో తడిమి చెబుతాను.

ఒక మధ్యాహ్నం మా వీధి టీచర్ రజియా వచ్చింది. కాగితం పొట్లం విప్పి, బొటనవేలి గోరంత వెండి నాణెం నా చేతిలో పెట్టింది. ఒకవైపు రాజు తల, చుట్టూ అక్షరాలు. రెండోవైపు ఏదో దేవత, చుట్టూ వేరే అక్షరాలు. అలాంటిది నేనెన్నడూ చూడలేదు.

"మా తాత ఫౌజుల ఉన్నప్పుడు పెషావర్ దిక్కు నుంచి తెచ్చిండన్నా. గ్రీకు రాజులదని చెప్పేటోడు. గప్పాలు కొడ్తుండని ఇంట్ల అందరు నవ్వేటోళ్లు. నేనొక్కదాన్నే నమ్మిన. అసలుదేనా?"

తెలియదని ఎందుకు అనలేకపోయాను? దుకాణంలో ఇంకో ఇద్దరున్నారు. వాళ్లూ నా నోటి వంకే చూస్తున్నారు.

"ఒక్క బిళ్ల మీద రెండు తీర్ల రాత ఏంది చెల్లె? ఎవడో నకలు చేసిండు."

ఆమె ఖాళీ పొట్లం కాగితాన్ని నలిపి పక్కన పడేసింది.

"అయితే కరగబెట్టన్నా. మా బిడ్డ పట్టగొలుసులల్ల కలుపు."

కరగబెట్టాను. నా చేతులతోనే.

రెండేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒక నాణేల ప్రదర్శనకు వెళితే, అద్దం వెనుక సరిగ్గా అలాంటిదే కనిపించింది. పెషావర్ వైపు, వాయవ్య ప్రాంతాన్ని ఏలిన గ్రీకు రాజులు ఒకవైపు తమ లిపిలో, మరోవైపు అక్కడి జనం లిపిలో పేరు వేయించేవారట. నకిలీకి రుజువని నేను చూపించిందే అసలుకు గుర్తు. ఆ తర్వాత పుస్తకాలు తెప్పించుకుని కసిగా నేర్చుకున్నాను. తూకం, అచ్చు వేసేటప్పటి సుత్తి దెబ్బకు చీలిన అంచు, పక్కకు జరిగిన బొమ్మ చూసి ఇప్పుడు అలాంటి చిన్న నాణేలను తడబడకుండా గుర్తుపడతాను. ఆ విద్య ఎవరి నష్టంతో వచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కిందటి నెల రజియా కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. నా అద్దాల బీరువాలోని నాణేలు అసలువేనా అని ఆ పిల్ల అడిగింది.

"మా తాత చెప్పినట్ల గప్పాలు కావు బిడ్డా. అన్న చెప్పిండంటే ఖాయం," అంది రజియా.

నేను నవ్వి ఊరుకున్నాను. మొదటిసారి తెలియక అన్నాననుకోవచ్చు. ఈసారి ఏమని చెప్పుకోను?

మన్నించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆ నాణెం అసలుదే. ఆ పెద్దాయన నిజమే చెప్పాడు. ఈ రెండు ముక్కలూ కాగితం మీద పెట్టాక, చాలా కాలానికి ఊపిరి సాఫీగా ఆడుతోంది.